దేశం మొత్తానికీ ఒకే పత్రిక అనేది మనకు ఉందా? చెన్నైలో ఏ పేపర్లు తెప్పించుకోవాలి?

ప్రశ్న (పశ్చిమ మాంబళం నుంచి)

అందరికీ నమస్కారం. మేము తెనాలి నుంచి చెన్నైకి మారి పది నెలలు కావస్తోంది. మా నాన్నగారికి 76 ఏళ్లు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు పేపరు చేతిలో పడితేనే ఆయనకు తెల్లవారినట్టు. సంపాదకీయం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి, ఇంట్లో అందరికీ వినపడేలా చదవడం నా చిన్నతనం నుంచీ ఆయనకున్న అలవాటు. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే తెలుగు పేపరు వేయించుకున్నాం. మా అమ్మాయి పన్నెండో తరగతిలోకి వచ్చింది కనుక ఇంగ్లీషు పేపరు కూడా ఉండాలని పోయిన నెల నుంచి హిందూ తెప్పిస్తున్నాం.

ఆ పత్రిక తనను తాను 1878 నుంచీ భారతదేశపు జాతీయ దినపత్రికగా చెప్పుకుంటుందని మా అమ్మాయి తాతయ్యకు చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసి, ‘దేశమంతటికీ పేపరు అంటున్నారు, మన తెనాలి మాట ఒక్కటైనా లేదేమమ్మా? అడయారులో రోడ్డు మీద పడ్డ గుంత మాత్రం ఫోటోతో సహా ఉంది’ అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు.

అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను. ఒక పత్రిక ‘జాతీయ’ పత్రిక ఎలా అవుతుంది? మన దేశంలో పెద్ద పత్రికల మధ్య నిజంగా స్వభావంలో తేడా ఉందా, లేక అక్షరాల తీరూ పేజీల అమరికా మాత్రమే వేరా? మా ఇంటి లాంటి ఇంటికి రెండు పేపర్లకు మించి తెప్పించే స్తోమత లేదు. ఆ రెండూ ఏవైతే మేలు?

సమాధానం 1 (కోడంబాక్కం నుంచి, విశ్రాంత ఉపసంపాదకుడు)

మీ నాన్నగారు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో 31 సంవత్సరాలు పనిచేశాను. అన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే: ఒక పత్రిక గుణం తెలియాలంటే అది ‘ఇక్కడ’ అని ఏ ఊరిని అనుకుంటున్నదో చూడాలి. తక్కినవన్నీ దాని వెనక వచ్చేవే.

బ్రిటన్ సంగతి చూడండి. లండన్‌లో రాత్రి అచ్చయిన పేపరు రైలెక్కితే తెల్లవారేసరికి ఆ చిన్న దేశంలో చాలా భాగానికి చేరిపోయేది. అందువల్ల అక్కడి జాతీయ పత్రికలన్నీ చివరికి లండన్ పత్రికలే అయ్యాయి. ఊరిని బట్టి కాకుండా, చదివేవారి తరగతిని బట్టీ రాజకీయాన్ని బట్టీ విడిపోయాయి. టెలిగ్రాఫ్ చదివేవారి ఇల్లు వేరు, మిర్రర్ చదివేవారి ఇల్లు వేరు. గార్డియన్ 1821లో మాంచెస్టర్‌లో పుట్టిన పత్రిక. 1959లో అది తన పేరులోంచి మాంచెస్టర్‌ను తీసేసింది, 1964లో సంపాదక వర్గాన్ని లండన్‌కు మార్చుకుంది. జాతీయ పత్రిక కావడానికి అది పుట్టిన ఊరిని వదులుకోవలసి వచ్చింది.

మన దేశంలో అది సాధ్యపడలేదు. మద్రాసులో అచ్చయిన కట్టను రైల్లో ఢిల్లీకి పంపితే, అది చేరేసరికి అందులోని వార్త పాతబడిపోయేది. దూరాన్ని జయించడానికి హిందూ పత్రిక 1960లలో సొంత విమానాలతో పేపర్లు పంపింది. 1969లో పేజీల నకలును తంతి మార్గంలో వేరే ఊరికి పంపి అక్కడే అచ్చువేసే పద్ధతి మొదలుపెట్టింది. 1986లో ఉపగ్రహాన్ని వాడుకుంది. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పేజీ వేరే ఊరికి చేరి, అక్కడే అచ్చు కావడం మొదలైన తర్వాత, ఆ ఊరి పాఠకుడు తన ఊరి వార్త కూడా కావాలంటాడు. దాంతో ఊరూరికీ లోపలి పేజీలు మారతాయి. పత్రిక ఎంత దూరం వ్యాపిస్తే అది లోపల అన్ని ముక్కలవుతుంది. మీరు అక్కడ చదువుతున్నది చెన్నై ఎడిషన్. అడయారు గుంతకు అందులో చోటు దొరకడానికి కారణం అదే.

తెలుగులో ఈ మార్పు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయిన పత్రికలు విశాఖపట్నానికి పొద్దెక్కిన తర్వాత చేరే రోజుల్లో, 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలోనే మొదలై, తెల్లవారకముందే గుమ్మంలో పడింది. 1989లో అదే పత్రిక జిల్లాకొక చిన్న సైజు అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పేపర్లో తమ మండలం పేరు చూడని లక్షల మందికి అది ఎంత పెద్ద విషయమో డెస్కులో కూర్చున్న మాకు తెలుసు. మండలానికొక విలేకరి, రోజూ పంపే కవరు, పాము కాటు నుంచి పంచాయతీ తీర్మానం దాకా ప్రతిదీ వార్తే. అయితే దీనిలో ఒక నష్టమూ ఉంది, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. గుంటూరు జిల్లా పాఠకుడికి శ్రీకాకుళం జిల్లా వార్త కనపడకుండా పోయింది. ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు మూత్రపిండాల జబ్బుతో క్షీణిస్తున్న సంగతి చాలాకాలం ఆ జిల్లా పేజీల్లోనే ఎక్కువగా ఉండిపోయింది.

మరో మాట. రాత్రి పది గంటల ప్రాంతంలో దూరపు ఊళ్లకు డాక్ ఎడిషన్ వెళ్లిపోతుంది. అర్ధరాత్రి దాటాక సిటీ ఎడిషన్ అచ్చవుతుంది. క్రికెట్ మ్యాచి రాత్రి పొద్దుపోయేదాకా సాగిన రోజున డాక్ ఎడిషన్ చదివే ఊరికి సగం స్కోరే అందేది. ఒకే తేదీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న పేపర్లు రెండు ఊళ్లలో ఒకటి కావు. జాతీయ పత్రిక అనేది ఎవరో పరీక్ష పెట్టి ఇచ్చే బిరుదు కాదు. అది ఆ పత్రిక తన గురించి తాను పెట్టుకున్న ఆశ.

సమాధానం 2 (జార్జిటౌన్ నుంచి)

పైన పెద్దలు చెప్పిన భౌగోళిక కారణాలతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే స్వభావానికి మరో మూలం కూడా ఉంది: ఆ పత్రిక ఎవరి మీద పట్టుదలతో, ఎవరి కోసం పుట్టింది అన్నది. తరాలు మారినా ఆ పుట్టుమచ్చ పోదు.

1878లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా ముత్తుస్వామి అయ్యర్‌ను నియమించినప్పుడు, ఇక్కడి ఆంగ్లేయుల పత్రికలు ఒక భారతీయుడు ఆ పీఠం మీద కూర్చోవడాన్ని తప్పుపట్టాయి. దానికి జవాబు చెప్పడానికి ట్రిప్లికేన్‌కు చెందిన ఆరుగురు యువకులు, జి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఎం. వీరరాఘవాచార్యులతో పాటు నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు, రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి మింట్ వీధిలోని ముద్రణాలయంలో 80 ప్రతులు అచ్చువేయించారు. హిందూ అలా వారపత్రికగా మొదలై 1889లో దినపత్రిక అయింది. న్యాయస్థానంతో మొదలైన పత్రిక కాబట్టేనేమో, దాని వాక్యం ఇప్పటికీ న్యాయవాది వాదన లాగే సాగుతుంది: ముందు పత్రం, తర్వాత తేదీ, ఆ తర్వాత అభిప్రాయం. 1958 వరకు దాని మొదటి పేజీ నిండా ప్రకటనలే ఉండేవి, వార్తలు లోపల ఉండేవి. అంత నిదానం గల పత్రిక. 1980ల చివరలో బోఫోర్స్ తుపాకుల ఒప్పందం మీద అది అసలు పత్రాలనే పేజీల మీద అచ్చువేసినప్పుడు అంత గట్టిగా తగలడానికి కారణం, అరవడం అలవాటు లేని గొంతు అది.

టైమ్స్ ఆఫ్ ఇండియా పుట్టుక వేరు. 1838 నవంబరు 3న బొంబాయి వర్తకుల కోసం బాంబే టైమ్స్ అనే పేరుతో వచ్చింది. 1861లో ఊరి పేరు తీసేసి దేశం పేరు పెట్టుకుంది. అంగడి దాని రక్తంలో ఉంది. 1990లలో అది ధర తగ్గించి పోటీ పత్రికలన్నిటినీ కలవరపెట్టింది. అలా చేయగలగడానికి వెనక ఒక తీర్పు ఉన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఎన్ని పేజీలకు ఎంత ధర ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించేలా 1956లో ఒక చట్టం వచ్చింది. మరాఠీ పత్రిక సకాళ్ దాని మీద కోర్టుకు వెళ్లింది, 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టివేసింది. తీర్పు మంచిదే. కానీ కాగితం ఖర్చు కూడా రాని ధరకు పేపరు అమ్మి, తక్కిన ఖర్చంతా ప్రకటనల మీద రాబట్టుకునే దారి కూడా దానితోనే తెరుచుకుంది. మీరు ఇచ్చే ధరకు ఆ పేపరు తయారు కాదు. మిగిలిన డబ్బు ఎవరిస్తున్నారో గుర్తుపెట్టుకుని చదవండి.

ఇండియన్ ఎక్స్‌ప్రెస్ 1932లో మన మద్రాసులోనే మొదలైంది, తర్వాత రామనాథ్ గోయెంకా చేతికి వచ్చింది. ఎమర్జెన్సీ ప్రకటించి, సెన్సారు విధించినప్పుడు 1975 జూన్ 28న ఆ పత్రిక సంపాదకీయం స్థలాన్ని తెల్లగా వదిలేసింది. అచ్చులో ఖాళీ స్థలం కంటే పెద్ద అక్షరం లేదని నేను నమ్ముతాను. 1991లో గోయెంకా మరణించాక సంస్థ రెండుగా చీలింది. చెన్నైలో మీకు దొరికే న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్, ఢిల్లీలో దొరికే ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వేర్వేరు యాజమాన్యాల పత్రికలు. పేరు చూసి పొరపడకండి. మౌంట్ రోడ్డు పక్కన ఆ పత్రిక ఉన్న ఆవరణలో ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ అవెన్యూ అనే మాల్ ఉంది. ఆ ఎక్స్‌ప్రెస్ సంస్థే 1938లో ఆంధ్రప్రభను కూడా మద్రాసులో స్థాపించింది. నార్ల వెంకటేశ్వరరావు గారు దానికి సంపాదకులుగా చాలాకాలం పనిచేశారు. ఆ మాల్‌లో తిరిగే పిల్లలకు ఈ మాట చెప్పేవారు ఒక్కరూ లేరు.

తెలుగు దినపత్రిక అంటే ఒకప్పుడు మద్రాసు పత్రికే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. నేను రోజూ నడిచి వెళ్లే తంబుచెట్టి వీధిలోనే దాని కార్యాలయం ఉండేది. అమృతాంజనం అమ్మిన డబ్బు ఆ పత్రికకు ఊపిరి పోసింది. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న మాట ఇంటింటికీ చేరింది ఆ కాగితం మీదే. లజ్ దగ్గర ఆయన పేరున్న పార్కులో ఉదయం నడిచే మన తెలుగువారిలో ఎందరికి ఈ విషయం తెలుసో నాకు సందేహమే.

‘జాతీయ’ అనగానే ఇంగ్లీషు పత్రికల దగ్గర ఆగిపోకూడదని చెప్పడానికే ఇదంతా రాశాను. గుజరాతీలో ముంబై సమాచార్ 1822 నుంచి నేటికీ వస్తోంది. దినతంతి 1942లో మధురైలో మొదలై, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న మనిషి కూడా చదవగలిగే తమిళంలో రాసి, టీ కొట్టు ముందు వేలాడే పోస్టరు దాకా వార్తను తీసుకెళ్లింది. మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో, ట్రిప్లికేన్‌లో, ముసల్మాన్ అనే ఉర్దూ దినపత్రిక 1927లో పుట్టింది. నాలుగు పేజీల ఆ పత్రికను దశాబ్దాల తరబడి కాతిబ్‌లు ప్రతిరోజూ కలంతో చేతిరాతలో రాసి అచ్చుకు పంపారు. పెద్ద వార్త ఆలస్యంగా వస్తే పేజీలో వదిలిపెట్టిన మూలలో అక్షరాలు సర్ది రాసేవారు. ఇన్ని రకాలు ఉన్న దేశంలో ఒకటే జాతీయ పత్రిక లేకపోవడం లోపమని నేను అనుకోను.

సమాధానం 3 (పెరంబూరు నుంచి, ఉపాధ్యాయురాలు)

చరిత్ర ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను మా ఇంటి బల్ల మీద జరిగేదొకటి చెబుతాను. మా ఇంట్లో తెలుగు, తమిళం, ఇంగ్లీషు పేపర్లు మూడూ వస్తాయి. పిల్లలకు పేపరు చదవడం నేర్పడానికి నేను ఏటా ఒకే వార్తను ఎంచుకుంటాను: కండలేరు నుంచి పూండికి వచ్చే నీరు.

నెల్లూరు జిల్లాలోని కండలేరు జలాశయం నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా నీరు వదిలిన మర్నాడు మూడు పేపర్లూ పక్కపక్కన పరిచి చూడండి. ఇంగ్లీషు పేపర్లో అది నగర వార్త. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాల్లో ఎంత నీరుందో మిలియన్ ఘనపుటడుగుల్లో పట్టిక ఉంటుంది. నగరానికి ఎన్ని వారాలకు సరిపోతుందన్నది అసలు ప్రశ్న. తమిళ పేపర్లో దాని పేరే మారిపోతుంది, అది ‘కృష్ణా నీరు’. సరిహద్దులో ఊత్తుకోట దగ్గర జీరో పాయింటుకు నీరు చేరిన గంట, అధికారులు పూలు చల్లిన ఫోటో ముఖ్యం. ఆంధ్ర నుంచి రావలసిన 12 టీఎంసీల్లో ఈ ఏడు ఎంత వచ్చిందన్న లెక్క దాని కిందే ఉంటుంది. తెలుగు పేపరు నెల్లూరు పేజీలో అదే వార్త క్యూసెక్కులతో మొదలై, కాలువ కింది ఆయకట్టు రైతు దగ్గర ఆగుతుంది. మద్రాసుకు వదిలారు సరే, మా చివరి పొలానికి ఎప్పుడు అని అతను అడుగుతాడు.

ఏ పేపరూ అబద్ధం రాయలేదు. నీరు ఒకటే, కాలువ ఒకటే. కానీ ఒక్క పేపరే చదివిన పిల్లవాడికి ఆ కాలువకు ఒక్క ఒడ్డే కనిపిస్తుంది. పెరంబూరులో కొళాయి తిప్పుతూ ఆయకట్టు రైతు గురించి మా పిల్లలు అడిగిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

అందుచేత నా సలహా ఇది. ఒక పేపరు మీ భాషది, మరొకటి మీరు ఉన్న ఊరిది ఉండాలి. మీ అమ్మాయికి హిందూ సరిపోతుంది. సంపాదకీయం పేజీ, దాని ఎదుటి పేజీ చాలు, రోజుకు అరగంట. నాన్నగారి తెలుగు పేపరు మాత్రం మానిపించకండి. వీలైతే ఆదివారం ఒక్కరోజు తమిళ పేపరు కూడా కొనండి. మా పిల్లలకు తమిళ అక్షరాలు బడి పుస్తకాల కంటే దినతంతి శీర్షికలే తొందరగా నేర్పాయి.

సమాధానం 4 (వేళచ్చేరి నుంచి)

ఫోన్‌లోనే అన్ని పత్రికలూ చదవవచ్చు కదా, కాగితం ఖర్చు ఎందుకు అని ఎవరైనా అడుగుతారేమో. నేనూ ఆరేళ్లు అలాగే చదివాను. ఫోన్ నేను ఇంతకుముందు చదివిన వార్త లాంటి వార్తనే మళ్లీ చూపిస్తుంది. నేను అడగని వార్త నాకు కాగితం మీదే ఎదురైంది. ఈ ఏడాది మళ్లీ పేపరు వేయించుకున్నాను.

సమాధానం 1 రాసినవారి అదనపు మాట (కోడంబాక్కం)

పెరంబూరు అమ్మగారు చెప్పిన నీటి ఉదాహరణ మా డెస్కులో కొత్తగా చేరేవారికి చెప్పదగినది. దానికి ఒక చిన్న పరీక్ష జతచేస్తాను. ఏ పేపరైనా తీసుకుని అట్టడుగున, సాధారణంగా చివరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో ఉండే వరుసను చదవండి. ముద్రించింది ఎవరు, ప్రచురించింది ఎవరు, ఎక్కడ అచ్చయింది, సంపాదకుడు ఎవరు అన్నది అందులో ఉంటుంది. ముద్రాపకుడి పేరూ అచ్చయిన చోటూ ప్రతి కాగితం మీదా ఉండాలని 1867 నాటి చట్టమే విధించింది. పేరు కింద ఏం రాసుకున్నా, పత్రిక ఊరు ఆ వరుసలో దాచిపెట్టడానికి వీల్లేదు. తెనాలిలో మీ బంధువులు ఎవరైనా ఉంటే అదే తేదీ పేపరు ఫోటోలు తెప్పించి పోల్చి చూడమని నాన్నగారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారి జవాబు (పశ్చిమ మాంబళం)

అందరికీ మా నాన్నగారి తరఫున కూడా కృతజ్ఞతలు. ఇక్కడి సమాధానాలన్నీ ఆయనకు చదివి వినిపించాను. జార్జిటౌన్ వారు రాసిన ఆంధ్రపత్రిక మాట రాగానే ఆపమని, తమ చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు ఆ పత్రిక ఉగాది సంచికలను అట్టలు వేసి పెట్టెలో దాచేవారని చాలాసేపు చెప్పారు.

నిన్న మా పెదనాన్నగారి అబ్బాయి తెనాలి నుంచి హిందూ పేపరు పేజీలన్నీ ఫోటోలు తీసి పంపాడు. మా అమ్మాయి రెండిటినీ పక్కపక్కన పెట్టి తాతయ్యకు చూపించింది. మొదటి పేజీలో పెద్ద వార్త ఒకటే. దాని కింద రెండు వార్తలు వేరు. అడుగు వరుస చదవడానికి భూతద్దం కావలసివచ్చింది. మాది చెన్నై శివార్లలోని మరైమలైనగర్‌లో అచ్చయింది, వాళ్లది విజయవాడలో. అక్కడి ఎడిషన్ నాలుగో పేజీలో, అడయారు గుంత ఉండే చోట, తెనాలి స్టేషన్‌లో ప్రయాణికుల ఇబ్బందుల గురించి వేలెడంత వార్త ఉంది. నాన్నగారు దాన్ని ఫోన్‌లోంచే గొంతు పెంచి చదివారు, రెండుసార్లు.

రెండు పేపర్లూ అలాగే ఉంచుతున్నాం. ఆదివారం తమిళ పేపరు కూడా వేయమని ఏజెంటుకు ఇవాళ చెప్పాను.